ఇంట్లో సర్వర్: అడిగినవాళ్ళందరికీ ఒకేసారి

ఇంట్లో సర్వర్ (మన ఫోటోలు, ఫైళ్ళు దాచిపెట్టి, అడిగినప్పుడు అందించే, ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్) పెట్టానని తెలియగానే అందరూ మొదట అడిగేది ఎంతయింది అని, ఆ తర్వాత కరెంటు బిల్లు ఎంతొస్తోంది అని. ఆ రెండూ ముందే చెప్పేస్తాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో, ఆఫీసులు వాడి తీసేసిన మినీ పీసీలు అమ్ముతారు కదా, అందులో ఒకటి, ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్), రెండు హార్డ్ డిస్కులు, అన్నీ కలిపి ఒక మామూలు ఫోన్ ధర. పెద్దగా పని లేనప్పుడు పది వాట్లకి అటూ ఇటూ తీసుకుంటుంది, అంటే రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉన్నా నెలకి ఏడెనిమిది యూనిట్లు. ఖర్చు విషయం అంతే. అసలు కావాల్సింది ఓపిక.

ఇక ఎందుకంటారా? 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకునే వీలు పోయింది. అప్పటినుంచి ఎక్కించే ఫోటోలన్నీ మెయిల్‌తో, డ్రైవ్‌తో కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి, లేదా నెలనెలా డబ్బు కట్టాలి. వాళ్ళు ముందే చెప్పి చేశారు, అందులో తప్పు పట్టను. కానీ యాహూ గ్రూప్స్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 2019 అక్టోబర్‌లో చెప్పారు, ఆ చలికాలం దాటేలోపు పాత సందేశాలు, ఫైళ్ళు అన్నీ తీసేశారు, 2020 డిసెంబర్ 15న మొత్తానికే మూసేశారు. తెలుగు భాష గురించి, సాహిత్యం గురించి ఏళ్ళ తరబడి చర్చలు జరిగిన రచ్చబండ లాంటి గుంపులు ఉన్నది అక్కడే. మాట్లాడుకున్నది మనవాళ్ళు, మన సంగతులు, కానీ అవి ఉండాలా పోవాలా అని తేల్చింది ఇంకెవరో. ఎవరైనా ముందుచూపుతో దించి పెట్టుకుంటే ఆ మేరకు మిగిలినట్టు.

దగ్గరి స్నేహితుడి ఖాతా ఒకరోజు ఉన్నట్టుండి లాక్ అయింది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఎన్నిసార్లు రాసినా మిషన్ పంపే జవాబే తప్ప ఒక మనిషి పలకలేదు. వాళ్ళ పాప పుట్టినప్పటి ఫోటోలు అందులోనే ఉండిపోయాయి.

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఒకటే: పోతే మళ్ళీ సంపాదించలేనిది ఏదైనా సరే, దాని మొదటి కాపీ ఇంట్లో ఉండాలి. సినిమాలు, పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి గురించి నాకు పట్టింపు లేదు. ఫోటోలు, కాగితాలు, ఫోన్ నంబర్లు, అంతే.

ఫోటోలకి ఇమ్మిచ్ వాడుతున్నాను, గూగుల్ ఫోటోస్ లాంటిదే, కానీ మన సర్వర్ మీదే నడిచే సాఫ్ట్‌వేర్. అమ్మ ఫోన్‌లో యాప్ పెట్టేశాను, ఇంటి వైఫైకి తగలగానే కొత్త ఫోటోలు వాటంతటవే సర్వర్‌లోకి వెళ్ళిపోతాయి, ఆవిడ చేయాల్సిందేమీ లేదు. ముఖాలు గుర్తుపట్టే పని కూడా ఈ మిషన్ మీదే జరుగుతుంది, ఏ ఫోటో బయటికి పోదు. పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసి ఎక్కించినప్పుడు అమ్మ పెళ్ళినాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటోలన్నిటినీ ఇమ్మిచ్ తీసుకెళ్ళి చెల్లి పేరు కింద పెట్టింది. వాళ్ళిద్దరూ అంత ఒకేలా ఉంటారని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు! నాన్న ఆ ఫోటోలు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

కాగితాలకి పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్. పట్టాదారు పాస్‌బుక్, ఈసీలు, ఇంటి పన్ను రశీదులు, ఎల్ఐసీ బాండ్లు, అన్నీ స్కాన్ చేసి వేస్తే లోపలి అక్షరాలు చదివి వెతకడానికి వీలుగా పెడుతుంది. చదివేది అందులోని టెసెరాక్ట్, అంటే బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్, దానికి తెలుగు కూడా వచ్చు, కాకపోతే సెట్టింగ్స్‌లో తెలుగు భాషని మనమే విడిగా చేర్చాలి, మామూలుగా ఉండదు. అచ్చు తెలుగైతే పనికొచ్చేలా చదువుతుంది. తాతల కాలం నాటి దస్తావేజుల్లో చేతిరాత మాత్రం దానికి అందదు, అలాంటివాటికి ఊరి పేరు, సర్వే నంబరు నేనే టైప్ చేసి పెట్టాను. పొలం కాగితం కావాల్సొచ్చిన ప్రతిసారీ బీరువా మొత్తం కిందకి దించే పని తప్పింది.

ఇక ఓపిక కావాల్సిన చోటు: బయట ఉన్నప్పుడు ఇంట్లోని సర్వర్‌ని అందుకోవడం. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి, అంటే ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ని (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే చిరునామా) ఎన్నో ఇళ్ళకి కలిపి ఇస్తారు. ఇంట్లోంచి బయటికి బాగానే పోతాం, బయటినుంచి మన ఇంటికి దారి దొరకదు. రౌటర్‌లో పోర్ట్‌లు (బయటినుంచి లోపలికి వచ్చే తలుపులు) ఎన్ని తెరిచినా ఫలితం ఉండదు. నెలకి ఇంత అని కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, తీసుకోవచ్చు, ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాలతో కొంతవరకు నెట్టుకురావచ్చు, లేదా మన పరికరాలని ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టుకోవచ్చు. నాది మూడో దారి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, ఇంట్లోవాళ్ళ ఫోన్లకి తప్ప ఇంకెవరికీ సర్వర్ కనపడదు. అందులోనూ మధ్యలో ఒక కంపెనీ ఉంది కదా అంటారు, నిజమే, ఫోన్లని ఒకదానికొకటి పరిచయం చేసేది వాళ్ళ సర్వరే. అదీ వద్దనుకుంటే, ఆ పరిచయం చేసే సర్వర్‌ని కూడా మనమే నడుపుకోవడానికి హెడ్‌స్కేల్ ఉంది. నా ఫోటోలు వాళ్ళ దగ్గర లేవు, వాళ్ళు రేపు మూసేసినా నాకు పోయేది దారే, సామాను కాదు, కాబట్టి ప్రస్తుతానికి నాకు ఇది చాలు.

కరెంటు పోవడం గురించి కూడా అడుగుతారు. మిషన్‌తో పాటు రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్ మీద వేయించండి, చాలామంది రౌటర్‌ని వదిలేస్తారు. కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (కంప్యూటర్ మొదలవుతూనే తెరిచే సెట్టింగ్స్ తెర) ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి. లేకపోతే మీరు ఊళ్ళో లేనప్పుడు బటన్ ఎక్కడుందో అమ్మకి ఫోన్‌లో వివరించాల్సొస్తుంది.

మెయిల్ సర్వర్ మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. చాలా ఇంటి కనెక్షన్లలో మెయిల్ వెళ్ళే 25వ పోర్ట్ మూసేసి ఉంటుంది, తెరిచి ఉన్నా ఇళ్ళకిచ్చే ఐపీ అడ్రస్‌లని పెద్ద మెయిల్ సంస్థలు నమ్మవు, ఉత్తరం నిజంగా మన దగ్గరినుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ సరిగ్గా పెట్టినా మీ ఉత్తరం స్పామ్‌లోకే పోవచ్చు. సొంత డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) కొనుక్కుని, మెయిల్ నడిపే పని డబ్బిచ్చి ఇంకొకరికి అప్పగించండి. వాళ్ళు నచ్చకపోతే అదే అడ్రస్‌తో ఇంకోచోటికి మారిపోవచ్చు, అడ్రస్ మనదైతే సగం స్వాతంత్ర్యం వచ్చేసినట్టే.

బ్యాకప్ లేకుండా ఇవేవీ మొదలుపెట్టకండి, ఇది బతిమాలి చెప్తున్నాను. ఒకే పెట్టెలో రెండు డిస్కులు ఉన్నంత మాత్రాన బ్యాకప్ అయిపోదు, దొంగ ఎత్తుకెళ్ళినా, పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. నా రెండో కాపీ ఖమ్మంలో అక్కావాళ్ళింట్లో ఉన్న డిస్క్‌లోకి రోజూ రాత్రి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో వెళ్తుంది, ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టుగానే వెళ్తుంది. అప్పుడప్పుడు అక్కడినుంచి ఏదో ఒక ఫోటో వెనక్కి తెప్పించి, తెరుచుకుంటుందో లేదో చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మలేం.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంట్లో ఇదంతా తెలిసింది నాకొక్కరికే. నాకేమైనా అయితే? అందుకే పాస్‌వర్డ్‌లు, డిస్కులు ఎక్కడున్నాయో, వాటిని మామూలు ల్యాప్‌టాప్‌కి తగిలించి ఫోటోలు ఎలా తీసుకోవాలో తెలుగులో రాసి, ప్రింట్ తీసి, పాస్‌బుక్‌లున్న కవర్‌లోనే పెట్టాను. చెల్లిని కూర్చోబెట్టి, నేను నోరు విప్పకుండా, ఆ కాగితం చూసి చేయమన్నాను. రెండుచోట్ల ఆగిపోయింది. ఆ రెండు వాక్యాలు తిరగరాసి, కొత్త కాగితం పెట్టాను.