మూర్ఛకూ మూచ్చుకూ మధ్య

మన బడిలో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పిన టీచరు గారు, ప్రశ్న ముగియకముందే చెయ్యెత్తిన పిల్లలకు జవాబు చెప్పే అవకాశం ఇచ్చేవారు కాదు. "ప్రశ్న పూర్తి కానివ్వమ్మా" అని, ఎత్తిన చెయ్యి దించేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి అడిగేవారు. ముందు బెంచీలో కూర్చునే నాకు అది అన్యాయంగా తోచేది. తెలిసిన జవాబు నాలుక చివర ఉండగా ఎందుకు ఆగాలో అర్థమయ్యేది కాదు. సంచికకు జ్ఞాపకాలు రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగినప్పుడు వానకు కారిన తరగతి గదుల కన్నా, వార్షికోత్సవపు నాటకాల కన్నా ముందు ఆ మాటే మనసులోకి వచ్చింది. 2003 నుంచి నేను చేస్తున్న ఉద్యోగంలో ఆ మాటను మీరకుండా గడిచిన రోజు ఒక్కటీ లేదు.

నేను చెన్నైలోనే, ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. బోర్డు మీద పేరు ఎప్పుడో మారింది గాని ఊరంతా ఇప్పటికీ దాన్ని క్యాజువాలిటీ అనే అంటుంది. నాది గుమ్మం దగ్గరి బల్ల. స్ట్రెచర్ మీద వచ్చినా, నడిచి వచ్చినా ముందు నా దగ్గర ఆగాలి. నాడి, రక్తపోటు, ఊపిరి, తెలివి ఎలా ఉన్నాయో చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలలో ఒకటి చేతికి కట్టాలి. ఎరుపు కడితే డాక్టరు ఆ క్షణమే చూస్తారు. ఆకుపచ్చ కడితే గంటలు పట్టవచ్చు. ఛాతీ నొప్పి అన్నవారికి 10 నిమిషాలలో ఈసీజీ తీయాలి. పక్షవాతం వచ్చినవారికి రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు పడాలి కాబట్టి, మూతి ఏ వేళకు వంకరపోయిందో కచ్చితంగా రాబట్టాలి. రద్దీగా ఉన్న రాత్రి ఇదంతా తేల్చడానికి ఒక్కొక్కరి దగ్గర నాకు చిక్కేది రెండు మూడు నిమిషాలు.

బాధలో ఉన్న మనిషి అసలు సంగతితో మొదలుపెట్టడు. నిన్న పెళ్ళిలో తిన్న భోజనం, దారిలో ఆగిపోయిన బస్సు, ఊళ్ళో ఎవరో వేసిన సూది, అన్నీ చెప్పి, చివరికి గొంతు తగ్గించి "ఎడమ చెయ్యి గుంజుతోందమ్మా" అంటాడు. నాకు కావలసింది ఆ చివరి మాట. దాని కోసం మధ్యలో అడ్డుపడి "నొప్పి ఎక్కడ? ఎప్పటి నుంచి?" అని తరుముతాను. తరిమితే కొందరు బెదిరిపోయి ఆ మాటనే మింగేస్తారు.

మన తెలుగువాళ్ళ విషయంలో ఇది మరీ కష్టం. నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తిరుపతి వైపు వారికి పెద్ద వైద్యం అంటే చెన్నై. సెంట్రల్‌లో రైలు దిగి వస్తారు, మాధవరంలో బస్సు దిగి వస్తారు, అక్కడి ఆసుపత్రిలో చేతులెత్తేస్తే అర్ధరాత్రి అంబులెన్సులో వస్తారు. నొప్పికి మన భాషలో ఎన్ని పేర్లు! పోటు, సలుపు, తీపు, మంట, గుంజడం, పీకడం. ఆ తేడాల్లోనే డాక్టరుకు సగం రోగం దొరుకుతుంది. వచ్చీరాని తమిళంలో చెప్పేసరికి అవన్నీ కలిసిపోయి "వలి" అనే ఒక్క మాట మిగులుతుంది.

ఒకసారి ఒక తల్లి అయిదేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చి "మూర్ఛ వచ్చిందమ్మా" అంది. నాతో పనిచేసే తమిళ అమ్మాయికి అది "మూచ్చు" అని వినిపించింది. తమిళంలో మూచ్చు అంటే ఊపిరి. పిల్లవాడు ఆయాసపడుతున్నాడనుకుని ఆవిరి మందు పెట్టబోయింది. నేను పక్క మంచం నుంచి వచ్చేసరికి రెండోసారి ఫిట్స్ మొదలయ్యాయి. వెంటనే సూది మందు ఇవ్వగలిగాం, పిల్లవాడు దక్కాడు. ఆ అమ్మాయి తప్పు ఇందులో లేదు, తల్లి తప్పూ లేదు. ఆ మాట మళ్ళీ అడిగేంత వ్యవధి ఆ గుమ్మం దగ్గర ఎవరికీ లేదు.

ఇప్పుడు రాయబోయేది ఆసుపత్రి బయట ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట, వానాకాలం, తెల్లవారుజాము 5 గంటలు. శివార్లలో కడుతున్న ఒక భవనం దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు ఆటోలో వచ్చారు. శ్రీకాకుళం వైపు వారు. మన నగరపు మేడలు చాలావరకు ఆ జిల్లాల చేతులతో లేచినవే. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు వారిలో ఎందరో ఉత్తరాంధ్ర కూలీలే. ఈ ఇద్దరిలో ఒకరికి కడుపులో మెలిపెట్టే నొప్పి, రెండు వాంతులు. నాడి బాగుంది, రక్తపోటు బాగుంది, జ్వరం లేదు. రెండో కుర్రాడు మొదలుపెట్టాడు: "రాత్రి అందరం కిందనే పడుకున్నామమ్మా..."

నేను అడ్డుపడ్డాను. "ఏం తిన్నారో చెప్పు బాబూ."

"పరోటా తిన్నామమ్మా, కానీ వీడి రెప్పలు..."

అప్పుడే మోటారుసైకిలు ప్రమాదంలో దెబ్బలు తగిలిన భార్యాభర్తలను లోపలికి తెచ్చారు. కడుపునొప్పి కుర్రాడి చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టి అటు పరుగెత్తాను.

నలభై నిమిషాల తర్వాత తిరిగి వచ్చి చూస్తే అతను గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి మనుషులను చూస్తున్నాడు. రెప్పలు లేవక అలా చూస్తున్నాడు. పేరు అడిగితే ముక్కుతో పలికాడు. ఉమ్మి మింగలేకపోతున్నాడు.

కట్లపాము కాటు. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కోరలు చిన్నవి, వాపు ఉండదు, గాటు కంటికి ఆనదు. చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోవడం. నర్సింగులో చదివాను నిజమే గాని, ఆ నిమిషంలో నాకు కళ్ళ ముందు కనిపించింది మన విహారయాత్ర. ఎనిమిదో తరగతిలో మహాబలిపురం దారిలోని మొసళ్ళ పార్కుకు వెళ్ళాం, గుర్తుందా? ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం వారు అక్కడ పాముల నుంచి విషం తీసి చూపించారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, మరో చిన్న పింజర. ఈ నాలుగింటి విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి విరుగుడు మందు తయారుచేస్తారు. కట్లపామును పట్టుకున్న పెద్దాయన తమిళంలో చెబుతూ ఉంటే టీచరు గారు మనకు తెలుగులో చెప్పారు: "నేల మీద పడుకున్నవాళ్ళకు ఇది కరిచినట్టే తెలియదట." నోటు పుస్తకంలో రాసుకున్నాను. "కిందనే పడుకున్నామమ్మా" అని ఆ కుర్రాడు నాకు అందించింది సరిగ్గా ఆ ముక్కే.

పది వయల్స్ విరుగుడు మందు ఎక్కించాం. నరాల్లో అప్పటికే పట్టుకున్న విషాన్ని అది వెంటనే విడిపించలేదు. ఊపిరి మందగించింది, గొంతులో గొట్టం వేశారు. మా విభాగంలో ఉన్న ఊపిరి యంత్రాలు రెండూ ఖాళీ లేవు. ఒకదాని మీద ఉన్న ముసలాయన పైన ఐసీయూలో మంచం కోసం ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఎదురుచూస్తున్నారు. అందుకని గొట్టంలోకి గాలి పంపే అంబూ సంచిని చేత్తో నొక్కాల్సి వచ్చింది. మా వాళ్ళందరూ ఒకేచోట నిలబడిపోతే మిగతావారిని చూసేవారు లేరు. ఆ రెండో కుర్రాడికే నేర్పాను, అయిదు లెక్కపెట్టి ఆరుకు నొక్కాలని. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని పైకి లెక్కపెడుతూ నొక్కాడు. మధ్యలో నేను అందుకున్నప్పుడు కూడా లెక్క ఆపలేదు. అతను లెక్కపెట్టాడు, నేను నొక్కాను. రెండున్నర గంటలు అలా గడిచింది.

అతని స్నేహితుడు పదకొండో రోజున నడిచి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేముందు నేను ఆ రెండో కుర్రాణ్ణి అడిగాను, నన్ను ఆపి ఎందుకు చెప్పలేదని. "చెబుదామనే అనుకున్నానమ్మా, మీరు పనిలో ఉన్నారు" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆకుపచ్చ పట్టీ నేనే కట్టానని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను.

పాము కరిచిన కుర్రాడికి యంత్రం దొరకకపోవడానికీ, నేను అతని స్నేహితుడి మాట పూర్తిగా వినకపోవడానికీ మూలం ఒక్కటే. నా తప్పు కడుక్కోవడానికి ఈ మాట అనడం లేదు. పై అంతస్తులో మంచాలు నిండిపోతే మా దగ్గర వైద్యం అయినవారు కూడా మా దగ్గరే ఉండిపోతారు. వాళ్ళకు మందులు, పక్క మార్చడం, మూత్రపు సంచి, అన్నీ మేమే చూడాలి. ఇరవై మందికి సరిపడే నర్సులు నలభై మందిని చూస్తున్నప్పుడు తరిగేది ముందుగా మాటలకు ఇచ్చే సమయమే. నేను చేరిన కొత్తలో రోగులు ఆటోల్లో, కూరగాయల వ్యానుల్లో వచ్చేవారు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ 2008లో తమిళనాడుకూ వచ్చింది. ఎన్ని ప్రాణాలు నిలిపిందో కళ్ళారా చూశాను. 2009లో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించాక దానికే చదివిన డాక్టర్లూ వచ్చారు. రోడ్డు మీద పోయే సమయం తగ్గింది, గుమ్మం దాటాక చేసే వైద్యం మెరుగైంది. ఆ తర్వాత చేర్చాల్సిన మంచం మాత్రం లేదు. డబ్బు పెట్టేవారు కొత్త భవనానికి అద్దాలు బిగించేముందు ఆ లెక్క చూడాలని నేను సమావేశాల్లో అడుగుతూనే ఉన్నాను, ఇకముందూ అడుగుతాను.

కోపం మాత్రం ఎదురుగా కనిపించే వారి మీదే పడుతుంది. ఒకాయన నా చేతిలోని ఫైలు లాక్కుని గోడకు కొట్టారు. ఆయన భార్యను తెచ్చి మూడు గంటలయింది, ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పలేదు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు శిక్ష ఉందని 2008 నాటి చట్టం పేరుతో గోడకు బోర్డు ఉంది. ఆ బోర్డు కన్నా అయిదు నిమిషాలు ఆయన పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉంటే ఆ ఫైలు నా చేతిలోనే ఉండేది.

ప్రమాదం కేసులను గేటు దగ్గర దించి పారిపోయే మనవాళ్ళు ఇంకా ఉన్నారు, పోలీసులకు భయపడి. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. తమిళనాడులో రోడ్డు ప్రమాదం జరిగితే, పథకంలో చేరిన ఆసుపత్రులలో మొదటి 48 గంటల వైద్యం ఖర్చు నిర్ణీత పరిమితి దాకా ప్రభుత్వం భరించే పథకం 2021 డిసెంబరు నుంచి ఉంది. ఆంధ్ర నుంచి వచ్చినవారికీ అది వర్తిస్తుంది. దయచేసి ఈ సంగతి మీ ఊళ్ళలో చెప్పండి.

నా బల్ల వెనక గోడకు ఒక కాగితం అంటించాను. ఎడమ వైపు తెలుగు మాట, కుడి వైపు తమిళ అక్షరాల్లో దాని అర్థం. మూర్ఛ, ఆయాసం, దడ, తిమ్మిరి, కళ్ళు బైర్లు కమ్మడం, రెప్పలు వాలడం. ఇప్పటికి అరవై మాటలయ్యాయి. చివరి పది ఆ తమిళ అమ్మాయే రోగుల దగ్గర విని రాసింది. అయినా కాగితం పక్కన కూర్చుని వినలేదు. మన బడిలో తెలుగూ తమిళమూ రెండూ చక్కగా నేర్చుకుని, ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసినవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం, నాలుగు గంటల పాటు, మా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోగలరా? వైద్యం తెలియనక్కర లేదు. తెలుగువాళ్ళు చెప్పేది చివరిదాకా విని నాకు చెబితే చాలు. ఆసుపత్రి వారి అనుమతి తీసుకున్నాను, రెండు కుర్చీలకు ఒప్పుకున్నారు.

ఈ నెలంతా నాకు రాత్రి డ్యూటీ. పగలు 2 గంటల తర్వాత మెలకువగానే ఉంటాను. నా ఫోను నంబరు సంఘం కార్యదర్శి గారి దగ్గర ఉంది.