తీర్థప్రజకు స్పానిష్ మాట

“మావయ్యా, ‘క్రౌడ్స్’ అన్నచోట ‘తుర్బా’ అని పెట్టాను, సరిపోతుందా?” అని, ఒక ఫొటో కింది ఇంగ్లిషు వ్యాఖ్యను స్పానిష్‌లోకి తిప్పుతున్న మా మేనల్లుడు అడిగేసరికి చేతిలోని కాఫీ తొణికింది.

అది కోనసీమలో మన జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫొటో. ప్రభను, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రాన్ని, భుజాలకెత్తుకున్నవారు కౌశిక పాయలో ఛాతీలోతు నీళ్లలో నడుస్తున్నారు, గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. కనుమ నాడు ఏకాదశ రుద్రులను చూడవచ్చినవారిని ‘తుర్బా’ అంటే అల్లరిమూక అన్నట్టే.

‘ముల్తితూద్’, ‘ముచెదుంబ్రె’ రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చినవే గాని, మొదటిది ఎక్కడైనా ఒదుగుతుంది, రెండవదానికి కొంచెం పుస్తకాల వాసన ఉంటుంది. కబుర్లలోనైతే, జనం అని అర్థమిచ్చే ‘హెంతే’ నుంచి పుట్టిన ‘హెంతీయో’ చాలు. తమాషా ఏమిటంటే, మనం “జనం వచ్చారు” అనేచోట స్పానిష్‌వారు ‘హెంతే’కు ఏకవచన క్రియ వాడి “జనం వచ్చింది” అన్నట్టుగా మాట్లాడతారు.

నాకు మనసుకు పట్టిన మాట మాత్రం ‘రొమెరీయా’. మొదట రోముకు వెళ్లే యాత్రికుల పేరు మీద ఏర్పడి, తరువాత గుడి దగ్గర జరిగే జాతరకు, ఆపైన ఒకచోటికి తరలివచ్చే జనానికీ ఆ మాటే వాడుకలోకి వచ్చింది. మనవాళ్లు ఇల్లు నిండా చుట్టాలుంటే “తీర్థప్రజలా ఉన్నారు” అనరూ!

జనానికి ‘ముల్తితూద్’ అని, తీర్థానికి ‘రొమెరీయా’ అని దిద్ది ఇచ్చాను. ‘ప్రభ’ను మాత్రం ప్రభగానే ఉంచమన్నాను.