రంపం రేకు స్క్రేపర్: ఒక అంచు పొర తీస్తుంది, ఇంకో అంచు పొడి రాలుస్తుంది

ఈ ఆదివారం కూడా అదే వరస. పాత రంపంతో చేసుకున్న స్క్రేపర్ (చెక్క మీద పల్చటి పొర గీకి నున్నగా చేసే ఉక్కు రేకు) ఒక్కటే, పొడవాటి అంచులు రెండు. ఒక అంచుతో టేకు మీద లాగితే ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుంటూ వస్తోంది. తిప్పి రెండో అంచు ఆనిస్తే ఒట్టి పొడి. ఒళ్లు మండిపోతోంది.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన పాత చేతిరంపం నుంచి తీసిన రేకు ఇది. 150 × 60 మి.మీ. ముక్కగా షీట్ కటింగ్ షాపులో కోయించాను. మంచి అంచు రంపం వీపు (పళ్లు లేని అంచు) వైపుది, పేచీ పెడుతున్నది కటింగ్ మిషన్ కోసిన వైపు. వెర్నియర్ పెడితే వీపు దగ్గర 0.80, ఇటు 0.85. మందంలో తేడా వల్లేమో అనుకోవడానికి లేదు, 1 మి.మీ. రేకు కూడా నా దగ్గర చక్కగా పనిచేస్తోంది. ఉక్కు తప్పు అందామా, రెండు అంచులదీ అదే ఉక్కు.

రెండిటికీ ఒకే ఆకురాయి, ఒకే డైమండ్ ప్లేటు (సానపట్టే పలక). అంచును నొక్కి కొక్కెంలా (చెక్కను కోసే సన్నటి వంకీ) తిప్పే గట్టి కడ్డీయే బర్నిషర్. దాని కోణం 7 డిగ్రీలు, చెక్క దిమ్మకు వాలు కోసి పెట్టుకున్నాను కాబట్టి చెయ్యి అటూ ఇటూ పోదు. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఎక్కడా సందు లేదు.

పదింతల భూతద్దంలో చూశాక అసలు సంగతి కొంత తెలిసింది. పాడు అంచుకు ఒక ముఖం (రేకు వెడల్పాటి పక్క) వైపు చివర్లలో కొక్కెం బాగానే తిరిగింది, మధ్యలో 80 మి.మీ. మేర ముక్కలు ముక్కలుగా ఉంది. అవతలి ముఖం వైపు సరిగ్గా తలకిందులు: మధ్యలో బాగుంది, చివర్లలో లేదు. అంచే గట్టిపడి ఉంటే రెండు వైపులా ఒకేలా చెడాలి. కాబట్టి అనుమానం ముఖం మీదికి మళ్లింది.

రెండు ముఖాలకూ మార్కర్ ఇంకు పూసి ప్లేటు మీద రుద్దాను. మొదటి ముఖం మీద మధ్యలో, అంచును ఆనుకుని 3 మి.మీ. వెడల్పున ఇంకు అలాగే ఉండిపోయింది, అంటే అక్కడ ప్లేటు తగల్లేదు. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే ఆ పట్టీలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతోంది. రేకు మొత్తం వంగి ఉంటే వేళ్లతో నొక్కగానే చదునయ్యేది. ఇది అంచు దగ్గర మాత్రమే ఉన్న సొట్ట, నొక్కుడుకు లొంగదు. మిషన్ బ్లేడు కోసేటప్పుడు రేకును తెంపుతూ కిందికి లాగుతుంది, ఆ లాగుడు ముద్రే ఇదని నా నమ్మకం.

చిత్రిక బ్లేడ్ల వెనక వైపుకు వాడే స్కేలు చిట్కా ప్రయత్నించాను. 0.5 మి.మీ. స్కేలును అవతలి అంచు కింద పెడితే రేకు అర డిగ్రీ పైచిలుకు వాలి, పాడు అంచు ప్లేటుకు తగిలింది. ఇంకు పోయింది, కొక్కెం నిండుగా తిరిగింది, పొర వచ్చింది! ఎగిరి గంతేశాను. కొద్దిసేపు లాగానో లేదో మళ్లీ పొడి. భూతద్దంలో చూస్తే కొక్కెం అక్కడక్కడా విరిగి ఉంది. టేకులో సిలికా ఎక్కువ, అంచు త్వరగా మొద్దుబారుతుంది, నిజమే. కానీ వీపు అంచు అదే పలక మీద ఇంకా కోస్తోందిగా? అంటే మిషన్ తెంపిన చోట ఉక్కు గట్టిపడి పెళుసైందన్న అనుమానాన్ని కూడా కొట్టిపారేయలేను. సొట్ట, పెళుసుదనం రెండూ ఉన్నట్టే అనిపిస్తోంది.

మధ్యలో ఒక మాట: స్క్రూడ్రైవర్ కాడతో కొక్కెం తిప్పమని చెప్పేవాళ్లు చాలామంది, నాకది నచ్చదు. ఎక్కువ స్క్రూడ్రైవర్లు అంత గట్టివి కావు, కాడ మీదే గీతలు పడతాయి. 6 మి.మీ. సాలిడ్ కార్బైడ్ (ఉక్కు కన్నా గట్టి పదార్థం) డ్రిల్ బిట్ వెనక భాగం, దాని మీద ఒక చుక్క కుట్టుమిషను నూనె, అంతే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం పాత రంపం కన్నా బాకో కంపెనీ స్క్రేపర్ రేకే నయం, అంచులు చక్కగా సానపట్టి వస్తాయి.



వచ్చే వారం పాడు అంచు నుంచి 3 మి.మీ. ఆకురాయితో పూర్తిగా తీసేస్తాను, 57 మి.మీ. మిగిలినా నష్టమేం లేదు. కింది ఫ్లాటు ఆంటీ మధ్యాహ్నం పడుకుంటారు కాబట్టి ఉదయమే ముగించాలి. మిగిలిన రంపం ముక్కను షాపుకు ఇవ్వను. గీతకు 5 మి.మీ. అవతల పల్చటి కటింగ్ డిస్కుతో, నీళ్లలో ముంచుతూ కోస్తాను. నీలం రంగు తిరిగిందంటే వేడికి అక్కడ టెంపర్ (ఉక్కు గట్టిదనం) పోయి ఉండొచ్చు, ఆ మేరకు ఆకురాయితో తీసేయాలి. అది కుదిరితే స్టాన్లీ 80 (స్క్రేపర్ రేకును బిగించే రెండు పిడుల పనిముట్టు) తరహాలో చెక్క హోల్డర్ ఒకటి చేయాలి. దానికి 45 డిగ్రీల వాలు అంచు కావాలి, కొక్కెం తిప్పే దిమ్మ కూడా వేరేది కోసుకోవాలి.