రియాక్టివ్ ప్రోగ్రామింగ్: నాకు సెర్చ్ బాక్స్ దగ్గర అర్థమైంది

రియాక్టివ్ ప్రోగ్రామింగ్ గురించి ఏది చదివినా మొదటి పేరాలోనే అబ్జర్వబుల్, స్ట్రీమ్, సబ్‌స్క్రైబర్ అని వరసపెట్టి వచ్చి పడతాయి, చాలామంది అక్కడే ఆపేస్తారు. వాటిని కాసేపు పక్కన పెట్టండి. ఎక్సెల్‌లో రెండు గళ్లు కూడి మూడో గడిలో మొత్తం వచ్చేలా ఫార్ములా రాశారనుకోండి. మొదటి గడిలో అంకె మారిస్తే మొత్తం దానంతట అదే మారిపోతుంది, మళ్లీ లెక్కెయ్యమని మీరు చెప్పక్కర్లేదు. మామూలు కోడ్‌లో అలా కాదు, ఆ లైను నడిచినప్పుడు ఎంత వచ్చిందో అంతే, తర్వాత ఏం మారినా దానికి పట్టదు. ఎక్సెల్ చేసే ఆ పనిని ప్రోగ్రామ్‌లోకి తేవడమే రియాక్టివ్.

నాకు దీని విలువ తెలిసింది సెర్చ్ బాక్స్ రాసేటప్పుడు. యూజర్ "కల" అని కొట్టగానే ఒక రిక్వెస్ట్ వెళ్తుంది, సున్నా పెట్టి "కలం" చేయగానే ఇంకొకటి. రెండోదాని జవాబు ముందు వచ్చేసి, మొదటిది తాపీగా వచ్చి దాన్ని చెరిపేస్తే? బాక్సులో కలం ఉంటుంది, కింద ఫలితాలేమో కలవి. నా మెషీన్‌లో నెట్ వేగంగా ఉండటంతో ఈ బగ్ ఒక్కసారి కూడా కనపడలేదు, యూజర్లు చెబితేనే తెలిసింది. టైమర్లు, ఫ్లాగులు పెట్టి చూశాను, ఒకటి సర్దితే ఇంకొకటి చెడేది.

జావాస్క్రిప్ట్‌లో రియాక్టివ్‌గా రాయడానికి వాడే లైబ్రరీ ఆర్‌ఎక్స్‌జేఎస్. యూజర్ కొట్టే మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి కదా, అలాంటి వరసనే స్ట్రీమ్ అంటారు. దాని మీద పనిచేసే మూడు ఆపరేటర్లు, అంటే రెడీమేడ్ ఫంక్షన్లు, దీనికి చాలు. డీబౌన్స్‌టైమ్‌కి 300 ఇస్తే, టైపింగ్ ఆగి 300 మిల్లీసెకన్లు గడిచాకే మాటను ముందుకు పంపుతుంది. డిస్టింక్ట్‌అంటిల్‌ఛేంజ్డ్, వెంటనే మళ్లీ అదే మాట వస్తే వదిలేస్తుంది. అసలు పని స్విచ్‌మ్యాప్‌ది: కొత్త మాట రాగానే పాత రిక్వెస్ట్‌తో తెగతెంపులు చేసుకుంటుంది, దాని జవాబు ఇక స్క్రీన్ దాకా రాదు. పొరపాటున అక్కడ పాత రిక్వెస్ట్‌ను వదలని మెర్జ్‌మ్యాప్ పెట్టారా, పాత బగ్ మళ్లీ ప్రత్యక్షం.

ఆర్‌ఎక్స్‌జేఎస్‌కి మూలమైన ఆర్‌ఎక్స్ (రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్) మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం చేతిలో, ఆ కంపెనీ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ కోసం పుట్టింది. 2013లో నెట్‌ఫ్లిక్స్ దాని జావా రూపం ఆర్‌ఎక్స్‌జావాను బయటపెట్టాక సర్వర్ వైపు కూడా పాకింది. అక్కడ బ్యాక్‌ప్రెషర్ అని ఇంకో సంగతి ఉంది: పంపేవాడు ఇష్టమొచ్చినట్టు కుమ్మరించకుండా, తీసుకునేవాడు "ఇప్పటికి పది పంపు" అని అడిగి తీసుకుంటాడు. 2017లో వచ్చిన జావా 9లో ఫ్లో పేరుతో ఇదే పద్ధతి చేరింది.

అయితే ఒక్క రిక్వెస్ట్ పంపి ఒక్క జవాబు తెచ్చుకునే చోట ఇదంతా ఎందుకు, జవాబు వచ్చాక తర్వాతి లైను నడిపించే అసింక్ అవెయిట్ హాయిగా సరిపోతుంది. రియాక్టివ్ కోడ్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు స్టాక్ ట్రేస్ (ఏ ఏ లైన్ల మీదుగా వచ్చి ఆగిందో చూపే జాబితా) నిండా లైబ్రరీ లైన్లే ఉంటాయి, మన కోడ్ ఎక్కడుందో వెతుక్కోవడం నిజంగా టెన్షనే. మొదలుపెట్టేవాళ్లు ముందు అన్‌సబ్‌స్క్రైబ్, అంటే స్ట్రీమ్‌ను వినడం ఆపేయడం, నేర్చుకోండి. అది చేయకపోతే, యాప్‌లో ఒక పేజీ మూసేసి ఇంకో పేజీకి వెళ్లినా ఎడతెగని స్ట్రీమ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది, యూజర్ ఆ పేజీని పదిసార్లు తెరిచి మూస్తే పది స్ట్రీములు నడుస్తుంటాయి.