అంకె ఒకటే, ఒంట్లో జరిగేది వేరు

“ఇంత లెక్కగా తింటున్నా బరువెందుకు తగ్గడం లేదు?” అంటూ ఈ మధ్యాహ్నం నా స్నేహితురాలు తన ఫోన్ నా చేతిలో పెట్టింది. తెరపై గుప్పెడు బాదం పప్పులూ, కొన్ని క్రీమ్ బిస్కెట్లూ ఒకదాని కింద ఒకటి, ఒకే కేలరీల అంకెతో కనిపించాయి.

ఆ అంకెలు సమానమే కావచ్చు గానీ, శరీరం వాటిని సమానంగా చూడదు. బాదంలోని కణాల గోడలు నమిలినా పూర్తిగా చితకవు కాబట్టి కొంత కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. 28 గ్రాములకు సుమారు 170 కేలరీలని లెక్క కట్టినా, ఒంటికి అందేవి 130 మాత్రమేనని 2012లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపారు. మాంసకృత్తుల శక్తిలోనైతే 20 నుంచి 30 శాతం వాటిని అరిగించుకోవడానికే ఖర్చవుతుంది. కొవ్వు విషయంలో అది మహా అయితే 3 శాతం.

లెక్క కుదరనప్పుడు మనిషి నిగ్రహాన్నే తప్పుపట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అమెరికా పోషకాహార పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందిని పరిశోధనాలయంలోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. ఎంత తినాలన్నది వారి ఇష్టం. ప్రాసెస్ చేసిన ఆహారాన్ని వారు వేగంగా తిన్నారు, రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువగా తిన్నారు, సుమారు 0.9 కిలోలు పెరిగారు. రెండో రకం ఆహారం తిన్న రోజుల్లో, తగ్గించమని ఎవరూ చెప్పకుండానే, అంతే బరువు తగ్గారు.