‘డాంకె’ అంటే వద్దని అర్థం

జర్మనీకి ఎక్స్ఛేంజి మీద వెళ్ళి, అక్కడి బడి పిల్లల ఇళ్ళలో ఉండొచ్చిన మన బడి పిల్లలు ఎక్కడ కలిసినా కొలోన్ చర్చి గోపురాల మాట రాదు. తాళంచెవులు, కిటికీలు, తప్పిన రైళ్ళు, ఇవే కబుర్లు. ఈసారి వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ సంచిక చదువుతారు కాబట్టి, ఆ కబుర్లలో పనికొచ్చేవి ఏరి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి చిక్కు భోజనాల బల్ల దగ్గరే వస్తుంది. హోస్ట్ ఫ్యామిలీలో, అంటే మనం దిగిన ఇంట్లో, అమ్మగారు రొట్టెల పళ్ళెం ముందుకు జరిపి ఇంకొకటి తీసుకోమంటారు. మనవాడు మర్యాదగా ‘డాంకె’ అంటాడు. పళ్ళెం వెనక్కి వెళ్ళిపోతుంది. డాంకె అంటే థాంక్స్ అని పుస్తకంలో చదివిన మాట నిజమే. కానీ ఎవరైనా ఏదైనా పెడతామన్నప్పుడు ఒట్టి డాంకె అంటే ‘వద్దండీ’ అని లెక్క. కావాలంటే ‘యా, బిట్టె’ అనాలి. దీనికి మన మొహమాటం తోడైతే ఆ పూట పస్తే. మన ఇళ్ళలో చుట్టం రెండుసార్లు వద్దంటాడు, మూడోసారి విస్తట్లో పడ్డాక తింటాడు. పెట్టేవాళ్ళకీ తినేవాళ్ళకీ అది తెలిసిందే. అక్కడ రెండోసారి అడగరు. వద్దన్నవాళ్ళని బలవంతపెట్టడం మర్యాద కాదని వాళ్ళ పెంపకం. వాళ్ళకి ప్రేమ లేదనుకుని తొలి మూడు రోజులు బాధపడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నోరు తెరిచి ‘ఆకలిగా ఉంది’ అంటే వాళ్ళకెంత సంతోషమో!

రాత్రి తిండి సంగతి ముందే తెలిసి ఉండాలి. చాలా ఇళ్ళలో సాయంత్రం 6, 7 గంటల మధ్య ‘ఆబెంట్‌బ్రోట్’, అంటే సాయంత్రపు రొట్టె. పొయ్యి వెలిగించరు. రొట్టె, వెన్న, చీజ్, చల్లటి మాంసపు ముక్కలు, కీరా, అంతే. అసలు భోజనం తర్వాత వస్తుందని ఒక ముక్కతో సరిపెట్టుకుంటే 10 గంటలకి సూట్‌కేసులో బిస్కెట్లు వెతుక్కోవాలి. శాకాహారులు ‘ఫ్లైష్’ తిననంటే సరిపోదు. ఆ మాటకి మాంసమనే అర్థం, కొన్ని ఇళ్ళలో చేప బల్ల మీదికి వస్తుంది. చేప, మాంసం ఉడికించిన నీళ్ళతో చేసిన సూప్, జెలటిన్ (పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు) వేసిన మిఠాయిలు, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. ఆ వివరమంతా ప్రయాణానికి ముందే ఉత్తరంలో రాయడం మేలు. హోటల్లో ఒట్టి నీళ్ళడిగితే తరచు గ్యాసు నీళ్ళే, అంటే సోడాలాంటివే, తెస్తారు. ‘ష్టిల్’ అంటే మామూలు నీళ్ళు. ఇంట్లో కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు.

ఇక టైము. ‘హాల్ప్ డ్రై’ అన్న మాటలో హాల్ప్ అంటే సగం, డ్రై అంటే మూడు. తెలుగు చెవి దాన్ని మూడున్నర అని వింటుంది. వాళ్ళ లెక్కలో అది మూడోదానిలో సగం, అంటే 2:30. గంట ఆలస్యంగా వచ్చి, ఖాళీ బస్టాపులో నిలబడడం దీనివల్లే. అంకెలు కూడా తలకిందులు. 54ని ‘నాలుగూ యాభై’ అని చదువుతారు, ఇల్లు నంబరు రాసుకునేటప్పుడు 45 అయి కూర్చుంటుంది. నోటితో చెప్పించుకుని, కాగితం మీద వాళ్ళ చేతే అంకె వేయించుకోండి.

కిటికీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది గుండె ఆగినంత పని చేస్తుంది. పిడి కిందికి ఉంటే కిటికీ మూసినట్టు. అడ్డంగా తిప్పితే తలుపులా లోపలికి తెరుచుకుంటుంది. నిటారుగా పైకి తిప్పితే పైఅంచు మాత్రమే కొంచెం లోపలికి వాలుతుంది. పిడి ఎటు తిప్పినా కిటికీ మూసి ఉన్నప్పుడే తిప్పాలి. తలుపులా తెరిచి ఉన్నప్పుడు పిడిని పైకి తిప్పారా, పైమూల పట్టు వదిలేసి అద్దం మొత్తం కింది బందు ఒక్కదాని మీద వేలాడుతుంది. బరువు చేతిలోకి వస్తుంది. భయపడి వదిలేయకండి. ఒకరు చట్రాన్ని కింద నుంచి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు బందులున్న వైపు పైమూలని గోడ చట్రానికి గట్టిగా అదిమి, పిడిని అడ్డంగా తేవాలి. అప్పుడు మూసి, పిడి కిందికి తిప్పితే సరి. కొన్నిటికి పిడి వైపు అంచున చిన్న మీట ఉంటుంది, అది నొక్కితేగానీ పిడి కదలదు. ఒక్కరే ఉంటే ఇంట్లోవాళ్ళని కేకేయడానికి సిగ్గుపడొద్దు.

స్నానాల గదిలో షవరు తొట్టి బయట నీళ్ళు పోయే తూము చాలా ఇళ్ళలో ఉండదు. కర్టెన్ అంచు తొట్టి లోపలికి వేసుకోవాలి, బయటికి వేలాడితే నీళ్ళన్నీ నేల మీదికే, అక్కణ్ణుంచి కింది వాటా కప్పులోకి. తుడిచే గుడ్డ ఎక్కడుందో మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

బృందంగా తిరిగేటప్పుడు రైలే పెద్ద పరీక్ష. అక్కడ కొన్ని రైళ్ళు రెండు ముక్కలు కలిసి బయలుదేరి, దారిలో ఒక స్టేషన్లో విడిపోయి వేర్వేరు ఊళ్ళకి పోతాయి. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని అక్షరాలు వేలాడుతుంటాయి. ఏ అక్షరం దగ్గర ఏ ముక్క ఆగుతుందో బోర్డు మీద చూసి, పెట్టె మీద రాసిన ఊరి పేరు కూడా చదివి ఎక్కాలి. తలుపు దానంతట అది తెరుచుకోకపోవచ్చు, బొత్తాం నొక్కాలి. చిన్న స్టేషన్లో నిమిషమే ఆగుతుంది, 20 మంది ఒకే తలుపు దగ్గర మూగితే ఇద్దరు కింద మిగిలిపోతారు. మిగిలినవాళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీంచి కదలకూడదు. దాటిపోయినవాళ్ళు తరువాతి స్టేషన్లో దిగి అక్కడే ఉండాలి. ఇద్దరూ వెతుక్కుంటూ బయలుదేరితేనే సాయంత్రం గడిచిపోతుంది. ప్రాంతీయ రైళ్ళలో ఐదుగురి దాకా ఒకే టికెట్టు మీద వెళ్ళే వీలుంది, కనుక టికెట్టు ఎవరి జేబులో ఉందో మిగతా నలుగురికీ తెలియాలి. చాలా ఊళ్ళలో ట్రామ్ టికెట్టు కొనగానే పని అయిపోదు, మిషన్లో ముద్ర వేయించాలి. ముద్ర లేనిది టికెట్టే కాదు, జరిమానా 60 యూరోలు.

ఇంటికి ఫోను విషయం. వేసవిలో మనకీ వాళ్ళకీ తేడా 3:30 గంటలు. ఇక్కడ అమ్మానాన్న తీరుబడిగా రాత్రి 10కి ఫోను చేస్తే అక్కడ 6:30, సరిగ్గా ఆబెంట్‌బ్రోట్ మధ్యలో. వాళ్ళ సాయంత్రం 4, మన 7:30 అయితే అందరికీ కుదురుతుంది. అక్టోబరు చివరి ఆదివారం నుంచి తేడా 4:30 అవుతుంది. అక్కడ రాత్రి 10 దాటాక గట్టిగా మాట్లాడితే పొరుగువాళ్ళు ఊరుకోరు.

జర్మన్‌లో ‘డూ’, ‘జీ’ అంటే మన నువ్వు, మీరు. ఇంగ్లీషు పిల్లలకంటే మనకి సులువుగా ఎక్కుతాయి. పెద్దవాళ్ళని ‘జీ’ అనే మొదలుపెట్టండి. అయితే హోస్ట్ అమ్మగారు మొదటి రోజే పేరు చెప్పి ‘డూ అను’ అంటారు. పేరు పెట్టి పిలవడానికి మనకి నోరు రాదు, కానీ ఆ తర్వాత కూడా ‘జీ’ అంటుంటే దూరం పెడుతున్నామనుకుంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పకండి, అపశకునమని వాళ్ళ నమ్మకం. బల్ల దగ్గర మనలో మనం తెలుగులో నవ్వుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. తన గురించే అనుకుని పార్ట్‌నర్, అంటే ఆ ఇంట్లో మనకి జతైన పిల్లో పిల్లాడో, ముడుచుకుపోతే ఆ ముడి విప్పడానికి వారం పడుతుంది.

చాలా ఇళ్ళ వీధితలుపుకి బయట తిరగని గుండే ఉంటుంది. గాలికి మూసుకుంటే తాళంచెవి లేకుండా తెరుచుకోదు, చెత్త పారేయడానికి వెళ్ళినా చెవి జేబులో ఉండాలి. అపార్టుమెంటుల్లో ఒకే చెవితో వీధితలుపూ సెల్లారూ తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. అది పోతే తాళాలన్నీ మార్చాల్సి రావచ్చు, ఖర్చు వందల యూరోల్లోకి పోతుంది. అందుకే తిరుగు ప్రయాణం రోజు పెట్టె మూసేముందు ప్యాంటు జేబులన్నీ తడిమి, చెవిని అమ్మగారి చేతికే ఇవ్వండి. బల్ల మీద పెట్టి రావద్దు.