మాత్ర ఇచ్చారు సరే, మంచం ఎందుకు తీసేశారు?

2009లో నాకు టీబీతో పాటు హెచ్‌ఐవీ కూడా ఉందని తేలింది. ఎక్స్‌రేలు, కళ్లె పరీక్షలు, ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంతుందో చూసే సీడీ4 పరీక్ష... అవన్నీ ఎలాగో గడిచిపోయాయి. మరిచిపోలేనిది ఒక మాట. పెద్దాసుపత్రి వార్డులో ఒకావిడ నా దుప్పటిని కాలితో పక్కకు నెట్టి, "ఎలాగూ పోయేవాళ్ళకి మంచాలెందుకమ్మా" అంది. మా అమ్మ అక్కడే గిన్నెలో జావ కలుపుతోంది. తలెత్తలేదు. ఆ మాటన్నావిడను నేనింకా క్షమించలేదు.

టీబీ మందులు కాస్త పడ్డాక ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు మొదలుపెట్టి, కొన్నాళ్ళు కమ్యూనిటీ కేర్ సెంటర్‌లో, అంటే మంచమిచ్చి చూసుకునే చోట ఉండమన్నారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) డబ్బుతో ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని నడిపేది. మొదటి రాత్రి ఆ మందుల్లో ఒకటైన ఎఫవిరెంజ్ మాత్ర వేసుకుని పడుకున్నాను. అర్ధరాత్రి గోడలు మీదికొస్తున్నట్టు, చనిపోయిన మా ఆయన గుమ్మంలో నిలబడి రమ్మంటున్నట్టు అనిపించింది. ప్రాణం పోతోందని కేకలు పెట్టాను. నైట్ డ్యూటీ అక్క పరుగెత్తుకొచ్చి నా మొహం మీద చెమట తన కొంగుతోనే తుడిచింది. "ఈ మాత్ర తలకెక్కుతుందమ్మా, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. భయపడి మానేశావో, ఇక మందు పనిచేయదు" అంది. తెల్లారేదాకా అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. ఆ రాత్రి ఇంట్లో ఉంటే పొద్దున్నే మాత్రలు అవతల పారేసేదాన్ని. కోటప్పకొండ స్వామే ఆమెను పంపాడని మా అమ్మ నమ్మకం. నాదీ అదే.

2004 ఏప్రిల్ నుంచి ఈ మందులు ఉచితంగా ఇస్తున్న ప్రభుత్వానికి రుణపడి ఉన్నాను. కొనాల్సొస్తే మా కుట్టుమిషన్ అమ్మినా చాలేది కాదు. కానీ 2013 ప్రాంతంలో నేనున్నలాంటి కమ్యూనిటీ కేర్ సెంటర్లకు నిధులు ఆపేశారు. వాటి బదులు గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి డబ్బుతో కేర్ సపోర్ట్ సెంటర్లు వచ్చాయి. అక్కడ కౌన్సెలింగ్ ఉంది, మందులు మానేసినవాళ్ళను ఇంటికెళ్ళి వెతికేవాళ్ళున్నారు, వాళ్ళ కష్టం నాకు తెలుసు. మంచాలు మాత్రం లేవు. మాత్రకిచ్చిన విలువ దాన్ని మింగించిన మనిషికి ఇవ్వలేదన్నదే నా కడుపుమంట.

ఇప్పుడు ఎఫవిరెంజ్ బదులు డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న మాత్ర వాడుతున్నాను, ఆ పీడకలలు లేవు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో ఏమీ కనబడటం లేదు. కొత్తగా తెలిసి బెంబేలెత్తుతున్నవాళ్ళు ఒక్క పూట కూడా మందు మానకండి. ఆంధ్రాలో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళకు పింఛను నెలకు 4,000 రూపాయలుంది, మీరు మందులు తీసుకునే సెంటర్‌లో అడగండి. హెచ్‌ఐవీ ఉందని ఏ ఆసుపత్రైనా చేర్చుకోనంటే అది 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టానికి విరుద్ధం. ఎందుకు చేర్చుకోరో కాగితం మీద రాసివ్వమనండి.